ఓడినోళ్ల టోర్నీ

అమెరికాలో ఏటా మార్చి నెలలో ఒక తగువు నడుస్తుంది. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్ల తగువు. సీజను ముగిశాక 68 జట్లను ఏరి పెద్ద టోర్నీ ఆడిస్తారు. అందులో చోటు దక్కని జట్లకు చిన్న టోర్నీలుంటాయి. వాటిలో ఎన్‌ఐటీ అనేది 1938లో పుట్టింది. పెద్ద టోర్నీకంటే ఏడాది పెద్దది. ఒకప్పుడు దానికి మహా పరువు. ఇప్పుడది ఓడినోళ్ల టోర్నీ. 2024లో సెయింట్ జాన్స్, ఇండియానా, ఓక్లహోమా, పిట్స్‌బర్గ్ లాంటి పేరున్న జట్లు ‘మాకేం ఖర్మ’ అని మొహం తిప్పుకున్నాయి. సీబీఐ అని ఇంకోటి 2008లో మొదలైంది. మన సీబీఐ కాదు, నాయకులు కంగారు పడనక్కర్లేదు. అందులో ఆడాలంటే కాలేజీయే వేల డాలర్లు ఎదురు కట్టాలి.

ఏడాదంతా తన్నులు తిన్న జట్టు చిన్న కప్పు కోసం మళ్ళీ బరిలోకి దిగాలా? పరువు తక్కువా? కుర్రాళ్ళకు అనుభవమా? దండగ ఖర్చా? అక్కడి పండితులు జుట్లు పట్టుకుంటున్నారు.

ఈ సంగతి మార్కాపురం వైపు అర్ధవీడులో టీకొట్టు దగ్గర చెప్పి చూడండి. ‘ఏం కష్టాలు సామీ వాళ్ళవి!’ అంటారు. అక్కడ ఆడమని బతిమాలుతుంటే వద్దంటున్నారు. ఇక్కడ ఆడతాం మొర్రో అంటే నేల చూపించే నాథుడు లేడు.

మన కాలేజీ జట్టు సీజను ఎంతుంటుందో తెలుసా? కంభం, గిద్దలూరు, మార్కాపురం వైపు డిగ్రీ చదివే కుర్రాడినే తీసుకోండి. ముందు అంతర కళాశాలల పోటీలు. ఒకట్రెండు రోజుల్లో చుట్టబెట్టేస్తారు. అందులోంచి ఒంగోలు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం జట్టును ఎంపిక చేస్తారు. ఎంపికైన వాళ్ళు ఒకరి పేరు ఒకరు నేర్చుకునే లోపే రైలెక్కిస్తారు. ఎక్కడికి? దక్షిణ మండల అంతర విశ్వవిద్యాలయ పోటీలకు. అక్కడ ఎదురయ్యేది ఎవరు? ఎస్‌ఆర్‌ఎం, జైన్, మద్రాస్ లాంటి జట్లు. చెక్క నేల మీద, ఏడాది పొడుగునా, శిక్షకుడి కింద ఆడినవాళ్ళు. మనవాడు? బడి మైదానంలో, గేదెలు లేని వేళ చూసుకుని ఆడినవాడు. మొదట్లో అంతా నాకౌట్. బాస్కెట్‌బాల్ మ్యాచ్ 40 నిమిషాలు. ఓడితే మూట సర్దుకోవడమే. రాత్రంతా రైలు, 40 నిమిషాల ఆట, మళ్ళీ రాత్రంతా రైలు. అయిపోయింది సీజను!

ఆ కుర్రాడికి ఇంకో టోర్నీ ఉందా? లేదు. చిన్నదైనా? లేదు. దక్షిణం లాంటి ఒక్కో జోన్‌కు నాలుగు జట్లే అఖిల భారత పోటీలకు వెళ్తాయి. మిగతావాళ్ళంతా ఎటు పోవాలి? ఇంటికి. ఇంటికెళ్ళి ఏం చెప్పాలి? ‘ఆడొచ్చా నాన్నా’ అనా? ‘ఎంతసేపురా’ అని అడిగితే?

రంజీ క్రికెట్‌లో బలహీన జట్లకు ప్లేట్ గ్రూపు ఉంది. వాళ్ళూ వాళ్ళూ తలపడతారు, సీజనంతా ఆడతారు, నిలదొక్కుకున్నవాళ్ళు పైకెక్కుతారు. దాన్ని ఎవరూ అవమానం అనుకోలేదు. ఎందుకంటే ఓడే జట్టుకు కావాల్సింది ఓదార్పు కాదు, ఇంకో మ్యాచ్. ఈ చిన్న ముక్క క్రికెట్‌కు అర్థమైంది. మన విశ్వవిద్యాలయాలకు ఎప్పుడర్థమవుతుంది? క్రీడా రుసుము వసూలు చేయడం మాత్రం వాళ్ళకు బ్రహ్మాండంగా అర్థమైంది. ప్రతి విద్యార్థీ కడతాడు. బంతి ఏ రంగులో ఉంటుందో చూడనివాడు కూడా కడతాడు. అపార్ట్‌మెంటులో నడిచే కార్పొరేట్ జూనియర్ కాలేజీ పిల్లల సంగతి ఇంకా వినోదం. వాళ్ళ మైదానం కాగితాల మీద ఉంటుంది. అక్కడే ఆడుకోవాలి.

అలాగని మన దగ్గర చిన్న టోర్నీలు లేవా? ఎందుకు లేవు? పుట్టలు పుట్టలుగా ఉన్నాయి. కాకపోతే వాటిలో గెలవాల్సింది ఆటగాళ్ళు కాదు.

2023 డిసెంబరు 26న గుంటూరు దగ్గర నల్లపాడులో ‘ఆడుదాం ఆంధ్రా’ మొదలుపెట్టారు. అయిదంచెలు. గ్రామ సచివాలయం, మండలం, నియోజకవర్గం, జిల్లా, రాష్ట్రం. క్రికెట్, కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, బ్యాడ్మింటన్. బాస్కెట్‌బాల్ లేదు. రింగు లేని రాష్ట్రంలో అది పెడితే నవ్వుతారని ఎవరో తెలివైన అధికారి చెప్పి ఉంటారు. ఆటగాళ్ళే 34 లక్షలు దాటారని లెక్క చెప్పారు. నిజంగా అంతమంది ఆడి ఉంటే ఈపాటికి ఒలింపిక్ సంఘం తాడేపల్లికి వచ్చి కాపురం పెట్టి ఉండేది. కిట్లు నాసిరకమని ఆటలు నడుస్తుండగానే పత్రికలు రాశాయి. బ్యాటు విరిగింది, బంతి చిరిగింది, బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. బొమ్మ ఎవరిదో చెప్పాలా?

2024 ఫిబ్రవరి 13న విశాఖలో ఫైనల్. మే 13న రాష్ట్రంలో పోలింగు. సరిగ్గా మూడు నెలలు! అమెరికావాళ్ళు సీజను అయిపోయాక టోర్నీ పెట్టుకుంటారు. అమాయకులు. మనం సీజనుకు ముందే పెట్టుకుంటాం. ఏ సీజనో మీకు తెలుసు.

ఆ తర్వాత ప్రభుత్వం మారింది. ‘ఆడుదాం’ కాదు, ఆడుకున్నారు అంటూ దాదాపు 119 కోట్ల ఖర్చు మీద విజిలెన్స్ విచారణ వేశారు. వేయాల్సిందే. తేల్చాల్సిందే. కానీ విచారణలో తేలేది డబ్బెటు పోయిందన్నది. ఆ కబడ్డీ పిల్లలు ఎటు పోయారో ఎవరు విచారిస్తారు? నియోజకవర్గం దాకా గెలిచిన అమ్మాయిలను మర్నాడు ఎవరైనా పిలిచారా? ఒక శిక్షకుడి చేతిలో పెట్టారా? ‘ఆడుదాం’ అన్నవాళ్ళకంటే ముందున్న ప్రభుత్వం నియోజకవర్గానికో క్రీడా వికాస కేంద్రం అంది. కేంద్రానికి రెండు కోట్లు అంది. చాలాచోట్ల అవి పిల్లర్ల దాకా లేచి ఆగాయి. తర్వాత వచ్చినవాళ్ళు వాటిని పూర్తి చేస్తే ముందువాళ్ళ పేరొస్తుందని పక్కన పెట్టారు. పక్కన తెలంగాణలో 2023లో ఒక ముఖ్యమంత్రి సీఎం కప్పు పెడితే 2024లో ఇంకో ముఖ్యమంత్రి అదే కప్పును తోమి మళ్ళీ పెట్టారు. సీఎంలు మారతారు, కప్పు అదే. ఆటగాడి చెప్పులూ అవే.

మండల స్థాయి టోర్నీ ఎప్పుడైనా దగ్గరగా చూశారా? చూడకపోతే ఒక పూట పెట్టుకుని చూడండి. సినిమా అక్కర్లేదు.

పొద్దున్నే ఎనిమిదికి రమ్మంటారు. పిల్లలు ఏడుకే వస్తారు. అడవి పక్క గూడేల నుంచి ఆటోల్లో వేలాడుతూ వస్తారు. సున్నం గీతలు అప్పటికే సగం గాలికి పోయి ఉంటాయి. షామియానా మాత్రం గట్టిగా కడతారు. దాని కింద ఎర్ర వెల్వెట్ కుర్చీలు. ఫ్లెక్సీ మీద పదహారు మొహాలు. అందులో ఆటగాడి మొహం ఒక్కటి ఉంటే ఒట్టు. ‘హలో, మైక్ టెస్టింగ్’ గంటసేపు. ముఖ్య అతిథి పదకొండున్నరకు వస్తారు. ఆయన వచ్చేదాకా ఆట మొదలు కాకూడదు. ఆయన వచ్చాక ప్రసంగాలయ్యేదాకా మొదలు కాకూడదు. ‘క్రీడలు మానసికోల్లాసానికి, శారీరక దృఢత్వానికి...’ అని మొదలెడతారు. ఎండకు ఒక పిల్ల సొమ్మసిల్లుతుంది. శారీరక దృఢత్వం!

ఆ తర్వాత అసలు ఘట్టం. ముఖ్య అతిథి బ్యాటు పడతారు. మండలాధ్యక్షులవారు బంతి వేస్తారు. చేయి కిందనుంచి, మెల్లగా, అక్షింతలు వేసినట్టు. అయినా మొదటి బంతి తగలదు. రెండోదీ తగలదు. ఫొటోగ్రాఫరు ‘ఇంకొక్కటి సార్’ అంటాడు. మూడోది బ్యాటుకు తగిలి రెండడుగులు దొర్లుతుంది. చప్పట్లే చప్పట్లు! రాష్ట్రంలో ఏ బౌలరూ ఇప్పటిదాకా అతిథిగారిని అవుట్ చేయలేదు. రికార్డు. అక్కడితో ఆయన కారెక్కుతారు. ఆయన వెనుక అధికారులు కారెక్కుతారు. అధికారుల వెనుక వాటర్ బాటిళ్ళ పెట్టె కారెక్కుతుంది. మిగిలింది ఎవరు? పిల్లలూ, పీఈటీ సారూ, పులిహోర పొట్లాలూ. అప్పుడు ఆట మొదలవుతుంది. చీకటి పడే లోపు ముగించాలి గనుక ఇరవై ఓవర్ల మ్యాచ్ అయిదు ఓవర్లకు దిగుతుంది.

సర్టిఫికెట్లు మాత్రం ముందే తయారు. సంతకం ఉంటుంది. పేరు రాసుకునే చోటు ఖాళీ. ‘నువ్వే రాసుకో అబ్బాయ్, స్పెల్లింగ్ తప్పొస్తే మళ్ళీ మమ్మల్నంటారు’.

ఆ ఖాళీయే ఇప్పుడు అసలు ఆట. 2024 నవంబరులో కొత్త క్రీడా విధానం వచ్చింది. ఉద్యోగాల్లో క్రీడా కోటా రెండు నుంచి మూడు శాతమైంది. 2025 మెగా డీఎస్సీలో 421 టీచరు పోస్టులు క్రీడాకారులకు పెట్టారు. మంచి పని. కాదని ఎవరన్నారు? కష్టపడి ఆడిన పిల్లకు ఉద్యోగం రావడంకంటే మంచి పని ఏముంటుంది? కానీ కోటా పెరిగిన ప్రతిసారీ ఆటగాళ్ళు పెరుగుతున్నారా, సర్టిఫికెట్లు పెరుగుతున్నాయా? ఈ దేశంలో గుర్తింపు లేని సమాఖ్యలు ఎన్ని పుట్టాయో లెక్కలేదు. ఒక లెటర్‌హెడ్డు, ఒక రబ్బరు స్టాంపు, పేరులో ‘ఇండియా’ అన్న ముక్క. జాతీయ టోర్నీ సిద్ధం. ఇంకొంచెం ఎక్కువ కడితే నేపాల్ తీసుకెళ్తారు. అక్కడ రెండు మ్యాచ్‌లు, ఒక పతకం, ‘అంతర్జాతీయ క్రీడాకారుడు’ అని ఊరి మలుపులో ఫ్లెక్సీ. తండ్రి అప్పు చేసి కడతాడు. ఆ కాగితం వెరిఫికేషన్‌లో చెల్లదని తేలాక తెలుస్తుంది ఎవరు ఎవరితో ఆడారో. అమెరికా సీబీఐ టోర్నీని ఎదురు డబ్బు కట్టి ఆడే టోర్నీ అని వెక్కిరించారు కదా? అక్కడ కట్టింది కాలేజీ. ఇక్కడ కట్టేది మిరప రైతు.

ఇంతకీ అడిగిన ప్రశ్న ఏమిటి? ఓడిన జట్టు చిన్న టోర్నీలో ఆడాలా, వద్దా? దీనికి మన నాయకుల దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి పిల్లలకు, ఇంకోటి తమకు.

పిల్లలకేమో ‘గెలుపోటములు సహజం, పాల్గొనడమే ముఖ్యం’. మైకు కనిపిస్తే చాలు, ఇదే పాట. మరి అయ్యగార్లు ఓడితే? 2017 చివర్లో వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ ఫిరాయింపుల మీద అలిగి అసెంబ్లీని బహిష్కరించింది. 2019లో తెలుగుదేశానికి 23 సీట్లొచ్చాయి. 2021 నవంబరులో చంద్రబాబు నాయుడు ‘మళ్ళీ ముఖ్యమంత్రిగానే ఈ సభకొస్తా’ అని శపథం చేసి వెళ్ళిపోయారు. అవమానం జరిగిందన్నారు, కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆ బాధను వెక్కిరించడం లేదు. కానీ గెలిచాకే గ్రౌండుకొస్తా అనే ఆటగాడిని ఏ కోచ్ ఒప్పుకుంటాడు? 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 175కు 11. అయిదంచెల టోర్నీ నడిపిన జట్టు అసలు టోర్నీలో పదకొండు మందితో మిగిలింది. క్రికెట్ జట్టుకు సరిపోయే సంఖ్య. ఆడారా? లేదు. ప్రతిపక్ష హోదా ఇస్తేనే ఆడతామన్నారు. హోదా కోసం జగన్ మోహన్ రెడ్డి హైకోర్టు మెట్లెక్కారు. సభ మెట్లు మాత్రం బరువైపోయాయి.

ఏంది ఈ కత? పన్నెండేళ్ళ పిల్ల ఓడి ఏడుస్తుంటే వీపు తట్టి ‘స్పోర్టివ్‌గా తీసుకోమ్మా’ అంటారే, ఆ స్పోర్టివ్ ఏ ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో దొరుకుతుంది? సెయింట్ జాన్స్ జట్టుకు కనీసం ఒక మర్యాద ఉంది. చిన్న టోర్నీ వద్దనుకున్నారు, ఇంటికెళ్ళారు. ఆడని మ్యాచ్‌కు భత్యం రాయించుకోలేదు.

ఓటరు ఒక్కడే ఈ రాష్ట్రంలో సీజను తప్పకుండా ఆడుతున్నాడు. అర్ధవీడు ఉండే గిద్దలూరు నియోజకవర్గాన్ని చూడండి. 2019లో ఒక పార్టీకి 81 వేల పైచిలుకు ఆధిక్యం ఇచ్చింది. రాష్ట్రంలోనే పెద్ద ఆధిక్యాల్లో ఒకటి. 2024లో అదే నియోజకవర్గం రెండో పార్టీని గెలిపించింది. ఎంతతో? వెయ్యి కూడా దాటకుండా. పెద్ద కప్పూ ఇచ్చారు, చిన్న కప్పూ ఇచ్చారు. ఇద్దరి ఆటా చూశారు. బదులుగా ఏం దక్కింది?

వెలిగొండ నీటి ప్రాజెక్టు దక్కింది. 1996లో శంకుస్థాపన. సుంకేసుల, గొట్టిపడియ, ఇదే అర్ధవీడు మండలంలోని కాకర్ల. మూడుచోట్ల కొండల మధ్య సందులకు కట్టలు వేసి నల్లమల సాగర్ అని పేరు పెట్టారు. పేరులో సాగరం ఉంది. 2024 మార్చి 6న దోర్నాల దగ్గర దాని జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. పోలింగుకు రెండు నెలల ముందు. ఆ వేసవిలో ఈ ప్రకాశం పడమటి మండలాలు ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకునే ఉన్నాయి. ముంపు గ్రామాలవాళ్ళు ప్యాకేజీ కోసం అర్జీలు పట్టుకునే ఉన్నారు. ఫైనల్ ఆడకుండానే కప్పు ఎత్తడం ఎలాగో చూడాలంటే అమెరికా దాకా ఎందుకు, దోర్నాల చాలు. 2025 ఆఖర్లో మార్కాపురం జిల్లా కూడా వచ్చింది. సంతోషం. జిల్లా వచ్చింది గనుక ఇక జిల్లా స్థాయి టోర్నీ వస్తుంది. జిల్లా స్థాయి ముఖ్య అతిథి వస్తారు. వెల్వెట్ కుర్చీలు ఇంకో వరస పెరుగుతాయి.

కొత్త క్రీడా విధానంలో ఇంకో అంకె ఉంది. ఒలింపిక్ స్వర్ణం తెస్తే ఏడు కోట్లు. వెండికి అయిదు, కాంస్యానికి మూడు. ఇస్తారు, నమ్ముతాను. ఎందుకంటే ఇవ్వాల్సిన అవసరం వాళ్ళకు తరచుగా రాదు! పతకం తెచ్చాక ఇచ్చేది బహుమానం. తెచ్చుకునే ముందు ఇచ్చేది బంతి. ఒకదానికి ప్రెస్‌మీట్ ఉంటుంది, రెండోదానికి ఉండదు. అందుకే ఒకటి కోట్లలో ఉంది, రెండోది పీఈటీ సారు జేబులోంచి వస్తోంది. ఈ పడమటి పల్లెల్లో వాలీబాల్ నెట్టు కొనడానికి ఊళ్ళో చందాలేసుకునే కుర్రాళ్ళను అడగండి. ఏడు కోట్ల సంగతి చెబితే ‘ఏడు వందలు ఇప్పించు అన్నా, నెట్టొస్తుంది’ అంటారు.

కాబట్టి తీర్పు చెప్పేస్తున్నాను. ఓడే జట్లు చిన్న టోర్నీలు ఆడాలి. తప్పకుండా ఆడాలి. పరువు పోతుందనే ఏడుపు మనకు లేదు, పోయేంత పరువు ఎవరూ మిగల్చలేదు. దక్షిణ మండలంలో మొదటి రెండు రోజుల్లో ఇంటిదారి పట్టే జట్లు మన రెండు రాష్ట్రాల్లోనే చాలా ఉన్నాయి. ఆంధ్రకేసరి, నాగార్జున, విక్రమ సింహపురి, యోగి వేమన, రాయలసీమ, పాలమూరు విశ్వవిద్యాలయాలన్నీ కూర్చుని ఆ జట్లకు ఒక లీగ్ పెట్టుకోలేవా? ఒక్కో జట్టుకు కనీసం పది మ్యాచ్‌లు. అమ్మాయిలకూ పది. వాళ్ళ వెంట ఒక మహిళా పీడీ. బస్సు ఛార్జీలు, భోజనం. దీనికి 119 కోట్లు అక్కర్లేదు, విద్యార్థులు కట్టిన క్రీడా రుసుము లెక్కలు బయట పెడితే సగం దారి అక్కడే కనిపిస్తుంది. రెండేళ్ళు ఆడనివ్వండి. మూడో ఏడు ఎస్‌ఆర్‌ఎం చేతిలో ఓడతారేమో, కానీ అరవై పాయింట్లతో కాదు, పదిహేనుతో ఓడతారు. అక్కడినుంచి గెలుపు కనబడుతుంది.

వైస్ చాన్సలర్లూ, రాష్ట్ర క్రీడా సంస్థ శాప్ అధికారులూ, మీకొక విన్నపం. ఆ లీగ్‌కు ఎవరి పేరూ పెట్టకండి. జెర్సీ మీద ఎవరి బొమ్మా వేయకండి. ప్రారంభం పొద్దున ఆరున్నరకు పెట్టండి, ముఖ్య అతిథి లేవడు. ఎవరైనా లేచి వచ్చేస్తే కుర్చీ వేయకండి. స్కోరు రాయమని మార్కాపురం పలక ఒకటి చేతికివ్వండి, ఆట అయ్యేదాకా నిలబడి రాయమనండి.